సుషీ కౌంటర్ దగ్గర ఒక్కదాన్నే కూర్చుంటే... పక్కవాళ్లతో మాట్లాడాలా?

ప్రశ్న: ఆఫీసు పని మీద మూడు నెలల కోసం టోక్యో వచ్చాను. వయసు 34. పగలంతా మీటింగులు, సాయంత్రం ఆరున్నర దాటితే ఎవరి దారి వాళ్లది. వచ్చినప్పటి నుంచీ రాత్రి భోజనమంటే కన్వీనియన్స్ స్టోర్‌లో ఒనిగిరి (అన్నం ముద్ద) కొనుక్కుని హోటల్ గదిలో ఫోన్ చూస్తూ తినడమే. మొన్న ధైర్యం చేసి హోటల్ వెనక సందులో ఉన్న చిన్న సుషీ షాపుకి వెళ్లాను. ఒక్క కౌంటర్, తొమ్మిదో పదో సీట్లు. పక్కన కూర్చున్న పెద్దాయన నా ప్లేటు చూపించి ఏదో అన్నాడు. అర్థం కాలేదు. ఓ నవ్వు నవ్వేసి ఫోన్‌లో తల దూర్చాను, ఆయన అటు తిరిగిపోయాడు. ఆ తర్వాత ఆయనా, షెఫ్, అటువైపున్న ఓ జంటా కబుర్లలో పడ్డారు, నేను గబగబా తినేసి బయటపడ్డాను. మళ్లీ వెళ్లాలని ఉంది, తలుచుకుంటేనే టెన్షన్. జపనీస్ రాదు. మందు తాగను. పచ్చి చేప ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. ఒంటరిగా కూర్చుంటే జాలిగా చూస్తారా? అసలు మాట్లాడాలా, మాట్లాడితే ఏం మాట్లాడాలి?
- పేరు వద్దు

సమాధానం: ముందు ఆ జాలి సంగతి తేల్చేద్దాం. ఎవరూ అలా చూడరు. టోక్యోలో ఒక్కరే కూర్చుని తినడం ఎంత మామూలంటే, రామెన్ నూడుల్స్, గ్యూదోన్ (అన్నం మీద గొడ్డుమాంసం), స్టేషన్‌లో నిలబడి తినే సోబా నూడుల్స్, ఈ షాపులన్నీ ఒంటరిగా వచ్చేవాళ్లని నమ్ముకునే నడుస్తున్నాయి. ఇచిరాన్ అనే రామెన్ షాపుల్లో అయితే ఒక్కో సీటుకీ అటూ ఇటూ అడ్డుచెక్కలు పెట్టేశారు, కాగితం మీద కావలసినవి గుర్తుపెట్టి ఇస్తే ఎదురుగా ఉన్న చిన్న కిటికీలోంచి గిన్నె వస్తుంది, పక్కన ఎవరున్నారో కూడా తెలియదు. ఇక సుషీ కౌంటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నలుగురు స్నేహితులు వరసగా కూర్చుంటే ఈ చివరివాళ్ల మాట ఆ చివరివాళ్లకి వినబడదు, అదే ఒక్కరు వస్తే రెండు జంటల మధ్య మిగిలిపోయిన ఒంటి కుర్చీ నిండుతుంది. షాపువాడికి మీరు లాభమే. అందుకే లోపల కిటకిటలాడుతున్నట్టు కనిపించినా గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరగొద్దు, తలుపు తీసి, ఒక వేలు చూపించి "హితోరి దెస్" అనండి. ఒక్కదాన్నే అని. ఇద్దరికి చోటు లేనప్పుడు కూడా చాలాసార్లు ఒక్కరికి దొరుకుతుంది.

ఇక ఆ పెద్దాయన. ఆయన్ని ఏదో అవమానించేశానని మీరు మథనపడుతున్నట్టున్నారు. అలాంటిదేం జరగలేదు. అదేమిటి బావుందా అనో, చేత్తో తినొచ్చు అనో అని ఉంటాడు. మీరు ఫోన్ తీశారు, అయ్యో ఇబ్బంది పెట్టానేమో అనుకుని ఆయన తప్పుకున్నాడు. అక్కడ అలా తప్పుకోవడమే మర్యాద, అలగడం కాదు. మీరు మొహం చాటేయాల్సిన అవసరమే లేదు కాబట్టి నా మొదటి సలహా వినండి: కొత్త షాపు వెతకొద్దు, అదే షాపుకి వెళ్లండి. మీ ముఖం షెఫ్‌కి ఇప్పటికే కాస్త తెలుసు. మొదటిసారి వచ్చిన విదేశీయురాలు వేరు, రెండోసారి వెతుక్కుంటూ వచ్చిన మనిషి వేరు, రెండోసారి ఆయన పలకరింపులోనే మీకు తేడా తెలుస్తుంది. మూడు నెలలున్నవాళ్లు ప్రతి రాత్రీ ఓ కొత్త చోటు తిరగడం నాకు అస్సలు అర్థం కాని పని.

ఏ రోజు వెళ్లాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం ఫలితం దాంట్లోనే ఉంది. మంగళవారమో గురువారమో, సాయంత్రం షాపు తెరిచిన వెంటనే వెళ్లండి. అప్పుడు షెఫ్ చేతులు ఖాళీగా ఉంటాయి, మాట్లాడే ఓపిక ఉంటుంది. శుక్రవారం రాత్రి వద్దు, ఆఫీసు గుంపులు వస్తాయి. మధ్యాహ్నం లంచ్ చవగ్గా దొరుకుతుంది, నిజమే, కానీ అది తినేసి లేచిపోయే వేళ, కబుర్లకి పనికిరాదు. కౌంటర్‌లో ఏ సీటు అని మీరు ఎంచుకోకండి, వాళ్లు చూపించిన చోట కూర్చోండి. బ్యాగు పక్క కుర్చీలో పెట్టొద్దు, ఆ కుర్చీ ఎవరికో కావాలి. ఇంకోటి, ఆ రోజు సెంటు కొట్టుకోకండి. సుషీలో సగం వాసనే, పక్కవాళ్ల ముక్కుకి మీ సెంటు తగిలిందంటే ఇక ఎవరూ మీతో మాట కలపరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పక్కవాళ్లతో మాట్లాడాలంటే ముందు పక్కవాళ్ల వైపు తిరగాలని మీరు అనుకుంటున్నారు. అది బల్లల దగ్గర పద్ధతి. కౌంటర్‌లో అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చుంటారు, ఎదురుగా ఉన్నది షెఫ్. మాటలన్నీ ఆయన మీదుగానే తిరుగుతాయి. మీరు ఆయన్ని ఒక ప్రశ్న అడిగితే అది మీ అటూ ఇటూ ఉన్నవాళ్లు కూడా వింటారు, ఆయన జపనీస్‌లో ఏదో చెప్తాడు, మీకు అర్థం కాలేదని మీ మొహం చూస్తే తెలిసిపోతుంది, అప్పుడు పక్కాయన తనకొచ్చిన నాలుగు ఇంగ్లిష్ మాటలతో సాయానికి వస్తాడు. అంతే, మీరెవర్నీ కదపకుండానే కబురు మొదలైపోయింది. ఇది జరగకపోవచ్చు కూడా. జరగకపోయినా మీకు పోయేదేం లేదు, షెఫ్‌ని అడిగిన ప్రశ్నకి జవాబు ఎలాగూ వస్తుంది.

ఏం అడగాలి? ముందున్న దాని గురించే. ముక్క మీ ముందు పెట్టగానే "కొరె వా నాన్ దెస్ కా?" (ఇదేమిటి?) అనండి. రెండోది "క్యో నో ఒసుసుమె వా?", ఇవాళ ఏది బావుంటుంది అని. ఈ రెండో ప్రశ్న షెఫ్‌లకి ఇష్టం, ఎందుకంటే పొద్దున్నే మార్కెట్‌లో ఏరుకొచ్చిన సరుకు గురించి చెప్పుకునే అవకాశం అది. పైగా చేపకి కాలం ఉంటుంది. కత్సువో అనే ట్యూనా జాతి చేప వసంతం చివర్లో ఒకసారి, శరదృతువులో కొవ్వు పట్టి ఇంకోసారి వస్తుంది, రెండింటి రుచీ వేరు, ఏది గొప్పన్న దాని మీద కౌంటర్‌లో ఎప్పుడూ రెండు పార్టీలుంటాయి. సన్మా అనే చేప శరత్కాలానిది, బురి అనేది చలికాలంలో బావుంటుంది. "కత్సువోలో మీకు ఏది ఇష్టం, ముందొచ్చేదా వెనకొచ్చేదా" అని ట్రాన్స్‌లేషన్ యాప్‌లో ఒక్కసారి టైపు చేసి పక్కాయనకి చూపించండి, తర్వాత పని వాళ్లే చూసుకుంటారు.

షెఫ్‌ని పిలవడానికి "సుమిమాసెన్" (ఏమండీ) చాలు. మిగతావాళ్లు "తైషో" (పెద్దాయనా అన్నట్టు) అని పిలుస్తుంటే మీరూ అలాగే పిలవొచ్చు, చనువుగానూ ఉంటుంది, మర్యాదగానూ ఉంటుంది. ఆయన కత్తి పట్టుకుని ఏకాగ్రతగా కోస్తున్నప్పుడు మాత్రం పిలవొద్దు. టీని "అగరి" అనడం, సోయా సాస్‌ని "మురసాకి" అనడం లాంటివి ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకుని వెళ్తారు కొందరు. అవి షాపువాళ్లు తమలో తాము వాడుకునే మాటలు. కస్టమర్ నోట్లోంచి వస్తే కాస్త అతిగా ఉంటుంది, టీ కావాలంటే మామూలుగా "ఒచా" అనండి.

యాప్ గురించి ఒక మాట. వాడండి, తప్పేం లేదు, కానీ ప్రతి వాక్యానికీ ఫోన్ అటూ ఇటూ చేతులు మారుతుంటే అది సంభాషణలా ఉండదు, పాస్‌పోర్ట్ ఆఫీసులా ఉంటుంది. వేలు చూపించడం, తల ఊపడం, "ఒయిషీ" (రుచిగా ఉంది) అనడం, వీటితో చాలా దూరం వెళ్లొచ్చు. అవసరం లేనప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టెయ్యండి. మొన్న మీకు అడ్డు పడింది భాష అనుకుంటున్నారు, నన్నడిగితే ఫోనే. ఫొటో తీయాలంటే "షషిన్ ఈ దెస్ కా?" అని ముందు అడగండి, మీ ప్లేటు వరకే తీయండి, పక్కవాళ్ల మొహాలు పడకూడదు.

ఒక ముక్క పెట్టారంటే వెంటనే తినండి. కబుర్లలో పడి దాన్ని అలా వదిలేస్తే షెఫ్ పైకి ఏమీ అనడు గానీ లోపల విలవిల్లాడిపోతాడు, అన్నం వేడీ చేప చలువా కలిసిన ఆ కాసేపే దాని రుచి. మాట మధ్యలో ఆపి తింటే ఎవరూ తప్పు పట్టరు, అందరూ అదే చేస్తారు. చేత్తో తినొచ్చు. టోక్యోకి ఎడో అని పేరున్న రోజుల్లో, 19వ శతాబ్దం మొదటి సగంలో, నిగిరి సుషీని (అన్నం ముద్ద మీద చేప ముక్క) వీధి బండ్ల దగ్గర అమ్మేవారు, జనం నిలబడి చేత్తో తినేసి వెళ్లిపోయేవారు, కాబట్టి ఆ విషయంలో మొహమాటం అక్కర్లేదు. సోయా సాస్‌లో ముంచాల్సి వస్తే చేప వైపు ముంచండి, అన్నం వైపు ముంచితే విడిపోతుంది. కొన్ని షాపుల్లో షెఫ్ ముందే పైన సాస్ రాసి ఇస్తాడు, అప్పుడు ముంచక్కర్లేదు. ఊరబెట్టిన అల్లం ముక్కకీ ముక్కకీ మధ్య నోరు శుభ్రపడటానికి, సుషీ మీద పెట్టుకోవడానికి కాదు. చాప్‌స్టిక్‌లు ఒకదానికొకటి రుద్దొద్దు, ఇవి నాసిరకంవి అని చెప్పినట్టు ఉంటుంది. మీ చాప్‌స్టిక్‌ల నుంచి ఎదుటివాళ్ల చాప్‌స్టిక్‌లకి ఏదీ అందించొద్దు, దహనం తర్వాత అస్థికలు అలా అందించుకుంటారు కాబట్టి వాళ్లకి అది అశుభం. ఇంతకు మించి నియమాలు బట్టీ పట్టకండి, తప్పు చేస్తే ఎవరో ఒకరు నవ్వుతూ చెప్తారు, అదీ మాట కలిసే దారే.

పచ్చి చేప అలవాటు కాలేదన్నారు. అది దాచిపెట్టి కష్టపడి మింగొద్దు, కూర్చోగానే చెప్పేయండి: "నామా వా చొత్తో నిగతే దెస్", పచ్చివి కాస్త కష్టం అని. ఉడికించిన రొయ్య (ఎబి), ఆక్టోపస్ (తాకో), మెత్తగా ఉడికించి తియ్యటి సాస్ రాసిన అనాగో (పాములాంటి సముద్రపు చేప), గుడ్డుతో చేసే తమాగో, దోసకాయ పెట్టిన కప్పామకి, ఇవన్నీ పచ్చి చేప కాని సుషీలే. తమాగో అంటే చులకనగా చూడకండి, ఆ షాపు పనితనం దాంట్లోనే తెలుస్తుందనేవాళ్లున్నారు. సుషీలో పెట్టే ఆకుపచ్చ వసాబి ముద్ద ఘాటు పడకపోతే "సాబి నుకి", అది లేకుండా అని చెప్పండి. ఎలర్జీలేమైనా ఉంటే మాత్రం ముందే, గట్టిగా, రాసి చూపించి చెప్పండి. మీరు అడగలేదు గానీ ఇది చదివే శాకాహారులకి కూడా ఒక హెచ్చరిక: కూరగాయ చుట్టలు దొరుకుతాయి, అయితే సూపుల్లో, ఉడికించే నీళ్లలో చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది, కంటికి కనబడదు.

ఆర్డర్ దగ్గర తడబడకుండా ఉండాలంటే సెట్ అడగడం మేలు. చాలా షాపుల్లో నామి, జో, తొకుజో అని మూడు మెట్లు ఉంటాయి, మామూలు, మంచిది, ఇంకా మంచిది అన్నమాట. ధర ముందే రాసి ఉంటుంది. "జో" తీసుకోండి. అది తిన్నాక నచ్చినవి రెండు విడిగా అడగండి, అడగడానికి ఓ వంకా దొరుకుతుంది. ఒమకసె అంటే మొత్తం షెఫ్ ఇష్టానికి వదిలేయడం, ఇది తినను అది తినను అనే పరిస్థితిలో ఉన్నప్పుడు ఆయనకీ ఇబ్బందే, ఖరీదూ ఎక్కువే. గోడ మీద కొన్నింటి పక్కన అంకెకి బదులు రెండు కాంజీ (జపనీస్ లిపి) అక్షరాలు ఉంటాయి, ఆ రోజు మార్కెట్ ధర అని అర్థం, ధర అడక్కుండా వాటిని ఆర్డర్ చేయొద్దు. కొన్నిచోట్ల మీరు అడగకుండానే ఓ చిన్న గిన్నెలో ఏదో తినేది ముందు పెట్టి బిల్లులో కలుపుతారు, మోసం కాదు, అది అక్కడి పద్ధతి. చిన్న షాపుల్లో కార్డు పనిచేయకపోవచ్చు, నోట్లు ఉంచుకోండి. టిప్పు ఇవ్వకండి, ఇస్తే వెనక పరిగెత్తుకుంటూ వచ్చి తిరిగి ఇస్తారు.

అక్కడ కూర్చోవడానికి మందు తాగి తీరాలని లేదు. సుషీ షాపులో వేడి గ్రీన్ టీ మామూలుగానే ఇస్తారు. సాయంత్రం వేళ ఏదో ఒక డ్రింక్ చెప్పడం మర్యాద అనిపిస్తే ఊలాంగ్ టీ చెప్పండి. పక్కవాళ్లు సాకే (బియ్యంతో చేసే మందు) పోస్తామంటే "నొమెనై న్ దెస్", తాగలేను అని చెప్పి, వాళ్లు "కంపాయ్" (చీర్స్) అన్నప్పుడు మీ టీ కప్పు ఎత్తండి. దాంతో సరిపోతుంది. కారణాలు వివరించక్కర్లేదు.

మాటలు మొదలయ్యాక మిమ్మల్ని అడిగేవి ఊహించినవే: ఎక్కడి నుంచి, ఎన్నాళ్లుంటారు, జపాన్‌లో ఏం నచ్చింది, కారం లేకుండా ఎలా తింటున్నారు. జవాబు చెప్పి, అదే ప్రశ్న తిరిగి వాళ్లకి వెయ్యండి. ఈ పేటలో ఇంకేం తినొచ్చు అని అడిగితే పెద్దవాళ్లు కాగితం తీసి మ్యాపు గీసిన సందర్భాలున్నాయి. మనం వెంటనే అడిగేసే పెళ్లి, పిల్లలు, జీతం, వయసు, వీటి జోలికి మీరు పోకండి. కొత్తవాళ్ల దగ్గర అది చొరబాటే. వాళ్లే మిమ్మల్ని పెళ్లయిందా అని అడిగితే (తాగిన పెద్దాయన అడగొచ్చు) నవ్వి "రహస్యం" అనండి, "హిమిత్సు దెస్" అని. అందరూ నవ్వుతారు, విషయం మారుతుంది.

ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. మీ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పి, తిరిగి తన గ్లాసు వైపో షెఫ్ వైపో తిరిగారంటే అక్కడితో వదిలేయండి. కళ్లు మూసుకుని నములుతున్న మనిషిని కదపొద్దు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్న జంటని అసలే వద్దు. గింజా లాంటి చోట్ల చిన్న ఖరీదైన కౌంటర్లలో గుడిలో ఉన్నంత నిశ్శబ్దం ఉంటుంది, అక్కడ షెఫ్ మాట్లాడితే మాట్లాడాలి. కబుర్ల కోసమైతే అంత డబ్బు పోసి అక్కడికి వెళ్లడం దండగ అని నా అభిప్రాయం.

తిరిగే బెల్టు మీద ప్లేట్లొచ్చే కైతెన్ షాపులు కూడా ఉన్నాయి కదా, అక్కడికి వెళ్లొచ్చా అంటే, వెళ్లండి, వేరే పనికి. షిరాయిషి యోషియాకి అనే ఆయన బీర్ ఫ్యాక్టరీలో బెల్టు మీద సీసాలు కదలడం చూసి ఆలోచన తట్టి, 1958లో ఒసాకా పక్కన మొదటి షాపు తెరిచాడు. మనుషులు తక్కువున్నా ఎక్కువమందికి పెట్టొచ్చన్నది ఆయన లెక్క, ఆ లెక్క ఇప్పుడు ఎక్కడికొచ్చిందంటే చాలాచోట్ల టచ్ స్క్రీన్ మీద ఆర్డర్ ఇచ్చి, తిని, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా బయటికి రావచ్చు. స్నేహాలకి పనికిరాదు, ప్రాక్టీసుకి బంగారం. ప్లేట్లు చవక, మెనూలో ఫొటోలుంటాయి, ఏ చేప మీకు పడుతుందో ఏది పడదో ఎవరూ చూడకుండా తేల్చుకోవచ్చు. ఓ ఆదివారం మధ్యాహ్నం అక్కడ గడిపి, నచ్చిన నాలుగింటి పేర్లు నేర్చుకుని, ఆ నాలుగు పేర్లతో మీ సందులోని షాపుకి వెళ్లండి. పేరు పెట్టి అడిగే కస్టమర్ అంటే షెఫ్‌కి వెంటనే గురి కుదురుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు, కానీ చెప్పకుండా వదల్లేను. మాటలు బాగా కుదిరాక "పదండి, ఇంకో చోటికి వెళ్దాం" అనడం అక్కడ చాలా మామూలు, ఒక రాత్రిలో రెండు మూడు షాపులు మారతారు. చెడు ఉద్దేశం ఉండాలని లేదు. అయినా ఆ రాత్రే పరిచయమైన మనుషులతో వెళ్లకండి. "అషిత హయాయ్ నొదె", రేపు పొద్దున్నే లేవాలి అనండి, ఈ కారణం వింటే ఎవరూ బలవంతం చేయరు. హోటల్ పేరు చెప్పొద్దు, స్టేషన్ పేరు వరకు చాలు. విజిటింగ్ కార్డు ఇస్తే రెండు చేతులతో తీసుకుని ఒకసారి చదవండి, మీది ఇవ్వాలని లేకపోతే ఇవాళ తేలేదని చెప్పండి. తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు మీద ఎవరైనా నవ్వుతూ షాపుకి రమ్మని పిలిస్తే ఆగకండి, ముఖ్యంగా షింజుకు కబుకిచోలోనూ రొప్పోంగిలోనూ అలా పిలిచి తీసుకెళ్లి భారీ బిల్లు వేసే బార్లున్నాయి. ఆఖరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి, టైము చూసుకుని లేవండి.

లేచేటప్పుడు "ఓకైకెయ్ ఒనెగైషిమాస్" అంటే బిల్లు వస్తుంది. డబ్బు ఇచ్చాక షెఫ్ వైపు చూసి "గొచిసోసామా దెషితా" (మంచి భోజనం పెట్టారు, థాంక్స్) అనండి, పక్కవాళ్లకి తల వంచి "ఒసాకి ని" అనండి, నేను ముందు వెళ్తున్నాను అని. మొత్తం సాయంత్రం నోరు విప్పకపోయినా ఈ రెండు మాత్రం మర్చిపోకండి. వచ్చే వారం అదే రోజు, అదే టైముకి వెళ్లండి. ఇలాంటి షాపులకి వచ్చేవాళ్లు చాలావరకు వారానికోసారి, ఒకే రోజున వస్తుంటారు కాబట్టి పోయిన వారం చూసిన మొహాలే మళ్లీ కనబడొచ్చు.